పాత కిడ్నీలు లోపలే ఉన్నాయి: మార్పిడి తర్వాత మూత్రవ్యవస్థలో క్యాన్సర్ ఎందుకు వస్తుంది

కిడ్నీ మార్పిడి జరిగిన వ్యక్తి సీటీ స్కాన్‌ను మొదటిసారి చూసేవారు కాస్త తికమకపడతారు. వెన్నెముకకు అటూ ఇటూ రెండు కిడ్నీలు కుంచించుకుపోయి కనిపిస్తాయి. వాటి అంచుల వెంట చిన్న చిన్న నీటి బుడగల్లాంటి తిత్తులు. కిందికి వస్తే, తుంటి ఎముక లోపలి వంపులో, ఒక పక్కన నిండుగా, నున్నగా మూడో కిడ్నీ. పనిచేస్తున్నది అదొక్కటే. మార్పిడి అంటే పాతది తీసేసి దాని చోట కొత్తది అమర్చడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి పాత కిడ్నీలు మరీ పెద్దవై చోటు ఆక్రమించినప్పుడో, పదేపదే ఇన్ఫెక్షన్‌కు కారణమవుతున్నప్పుడో తప్ప వాటి జోలికి వెళ్లరు. వాటిని తీయడం మరో పెద్ద ఆపరేషన్. అందుకని వాటిని అలాగే ఉంచి, కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెట్టి, దాని మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు.

ఆ తర్వాత పాత కిడ్నీల ఊసు ఎవరూ ఎత్తరు. రోగి ధ్యాసంతా కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అంకె మీద, మందుల వేళల మీద ఉంటుంది. ఇంట్లోవాళ్లకూ అంతే. మార్పిడి తర్వాత మూత్రవ్యవస్థలో వచ్చే క్యాన్సర్లు మాత్రం ఎక్కువగా ఆ మరిచిపోయిన భాగాల్లోనే పుడతాయి. కిడ్నీ కణజాలంలో పుట్టే క్యాన్సర్లలో పదింట తొమ్మిది వంతులు పాత కిడ్నీల్లో కనిపించేవే. మూత్రం తాకే లోపలి పొరలో పుట్టే క్యాన్సర్లు మూత్రాశయంలోనో, పాత మూత్రనాళాల్లోనో తలెత్తుతాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. అవి పుట్టే చోటు వేరు, కారణాలు వేరు, చికిత్స వేరు.

మందులే కారణమా?

ఎవరిని అడిగినా చెప్పే కారణం ఒకటే: నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారు కదా, అందుకే. అందులో నిజం ఉంది. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అచ్చంగా ఒకేలా ఉండే కవల సోదరుల మధ్య జరిగింది కాబట్టి అక్కడ మందుల అవసరం రాలేదు. కవలలు కానివారి మధ్య మార్పిడి చేయాలంటే ఒంట్లో నిరోధక శక్తిని అణచక తప్పదు. 1960లలో అజాథియోప్రిన్, స్టెరాయిడ్లు ఆ దారి తెరిచాయి. కొన్నేళ్లకే గ్రహీతల్లో క్యాన్సర్లు ఎక్కువగా బయటపడసాగాయి. 1968లో ఇజ్రాయెల్ పెన్ అనే సర్జన్ అలాంటి కేసులన్నిటినీ ఒకచోట నమోదు చేయడం మొదలుపెట్టారు.

అయితే ఆ ఒక్క కారణంతో లెక్క సరిపోదు. అమెరికాలో లక్షా 75 వేలకు పైగా అవయవ మార్పిడుల వివరాలను క్యాన్సర్ రిజిస్ట్రీలతో సరిపోల్చిన అధ్యయనం 2011లో వెలువడింది. మొత్తం మీద గ్రహీతల్లో క్యాన్సర్లు సాధారణ జనంలో కంటే రెండింతలు ఉన్నాయి. ఒక్క కిడ్నీ క్యాన్సర్‌నే తీసుకుంటే, కాలేయ మార్పిడి జరిగినవారిలో రెండు రెట్ల లోపు, గుండె మార్పిడి జరిగినవారిలో దాదాపు మూడు రెట్లు, కిడ్నీ మార్పిడి జరిగినవారిలో ఆరున్నర రెట్లకు పైగా. ఈ మూడు వర్గాలవారూ వాడేవి చాలావరకు అవే మందులు. కారణమంతా మందులదే అయితే ఇంత తేడా రాకూడదు. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు మార్పిడి తర్వాత పెద్దగా పెరగకపోవడం కూడా గమనించాలి. నిరోధక శక్తి తగ్గగానే అన్ని క్యాన్సర్లూ ఒకే తీరుగా విరుచుకుపడవు. కిడ్నీ రోగి విషయంలో, ఆపరేషన్ బల్ల ఎక్కక ముందే శరీరంలో ఏదో మొదలై ఉంటుంది.

అలా మొదలయ్యేవాటిలో ఒకటి తిత్తుల వ్యవహారం. డయాలసిస్ మీద ఏళ్లు గడిచేకొద్దీ పనిచేయని కిడ్నీల్లో తిత్తులు ఏర్పడతాయి. వంశపారంపర్యంగా వచ్చే పాలీసిస్టిక్ జబ్బు వేరు, ఇది వేరు. ఇవి కిడ్నీ చెడిపోయాక పుట్టే తిత్తులు. 1977లో వీటిని ఒక ప్రత్యేక జబ్బుగా గుర్తించి వర్ణించారు. పదేళ్లు డయాలసిస్‌పై ఉన్నవారిలో చాలామందికి ఇవి ఉంటాయి. కిడ్నీలో మిగిలిన కాసిని సూక్ష్మనాళికల కణాలు, పోయినదాన్ని పూడ్చుకోవాలన్నట్టు అదేపనిగా విభజన చెందుతుంటాయి. ఆ విభజన తిత్తి గోడలో ఎక్కడైనా అదుపు తప్పితే కణితి మొదలవుతుంది. మార్పిడి బాగా కుదిరితే తిత్తులు చిన్నవి కావచ్చు. అప్పటికే దారి తప్పిన కణాలు మాత్రం వెనక్కి రావు.

ఇక్కడ ధైర్యం చెప్పదగిన మాట కూడా ఉంది. ఈ కణితులు చాలావరకు చిన్నవిగా ఉన్నప్పుడే, వేరే దేనికోసమో తీసిన స్కాన్‌లో దొరుకుతాయి. మెల్లగా పెరిగే రకం ఎక్కువ. మామూలు మనిషికి కిడ్నీలో కణితి వస్తే, కిడ్నీని కాపాడాలా, క్యాన్సర్‌ను పూర్తిగా తీయాలా అని సర్జన్ ఆలోచనలో పడతారు. ఇక్కడ ఆ సంకటం లేదు. ఎలాగూ పనిచేయని కిడ్నీ కాబట్టి మొత్తంగా తీసేయవచ్చు. దాత ఇచ్చిన కిడ్నీ పని దానిది అది చేసుకుంటూనే ఉంటుంది.

కనిపెట్టడమే అసలు సమస్య. మార్పిడి తర్వాత చేసే అల్ట్రాసౌండ్ చాలాసార్లు కొత్త కిడ్నీకే పరిమితం. పరీక్ష చీటీలో అదే రాస్తారు, ప్రోబ్ అక్కడే పెడతారు, రిపోర్టులో రక్తప్రసరణ బాగుందని రాసి ఇస్తారు. పైన నడుము దగ్గర ఉన్న రెండిటిని ఎవరూ చూడరు. డయాలసిస్ మీద చాలాకాలం ఉన్నవారు, తిత్తులున్నట్టు ముందే తెలిసినవారు, పొగతాగే అలవాటు ఉన్నవారు, కుటుంబంలో కిడ్నీ క్యాన్సర్ చరిత్ర ఉన్నవారు స్కాన్‌కు వెళ్లేముందు తమ నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ వైద్యుణ్ణి, ఒక మాట అడగాలి: మూడు కిడ్నీలనూ చూడమని రాశారా అని. ఇది అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

కిడ్నీలను చెడగొట్టింది ఏది?

రెండో రకం, అంటే లోపలి పొరలో పుట్టే క్యాన్సర్, కథ ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. నా ఉద్దేశంలో ప్రతి గ్రహీత ఫైలులో మొదటి పుటలోనే కనిపించాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు ఈ మనిషి కిడ్నీలు ఎందుకు చెడిపోయాయి? కొన్ని సందర్భాల్లో కిడ్నీలను చంపినదీ, క్యాన్సర్‌ను నాటినదీ ఒకే పదార్థం.

1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడం కోసం ఒక క్లినిక్‌లో మాత్రలు వాడిన మహిళలకు వరసగా కిడ్నీలు చెడిపోసాగాయి. అంతకుముందు వాళ్లకు ఏ జబ్బూ లేదు. ఆ మాత్రల్లో చైనా మూలికలు ఉన్నాయి. ఆరా తీస్తే, వేయాల్సిన మూలిక బదులు చైనా భాషలో దాదాపు అలాంటి పేరే ఉన్న మరో మొక్క కలిసిందని తేలింది. ఆ మొక్క అరిస్టోలోకియా జాతిది. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. కిడ్నీలు పూర్తిగా పోయినవారు డయాలసిస్‌కో, మార్పిడికో వెళ్లారు. ఇక్కడితో కథ ముగిసిందనే ఎవరైనా అనుకుంటారు. అక్కడి వైద్యులు మాత్రం వదలలేదు. పాత కిడ్నీల్లో క్యాన్సర్ జాడలు కనిపించడంతో, ముందుజాగ్రత్తగా కిడ్నీలనూ మూత్రనాళాలనూ తీయించుకోవాలని రోగులకు సూచించారు. 39 మంది ఒప్పుకున్నారు. తీసిన భాగాలను పరీక్షించగా 18 మందిలో లోపలి పొర క్యాన్సర్ బయటపడింది. మిగతావారిలో ఇద్దరు తప్ప అందరిలోనూ కణాలు అప్పటికే రూపం మార్చుకుంటున్నాయి. 2000 సంవత్సరంలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మాత్రలు మానేసి ఏళ్లు గడిచాక బయటపడిన క్యాన్సర్లు ఇవి.

డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న బాల్కన్ పల్లెల్లో తరతరాలుగా కొన్ని ఊళ్లలోనే కిడ్నీ జబ్బు, దానితోపాటే మూత్రనాళ క్యాన్సర్ వస్తుండేవి. గాలా, నీరా, వంశమా అని దశాబ్దాలు వెతికారు. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టోలోకియా మొక్క గింజలు పంటతోపాటు పిండిలో చేరడమే దానికి మూలమని చివరికి తేలింది. తైవాన్‌లో మూలికా మందుల ద్వారా ఇదే ఆమ్లం చాలామంది ఒంట్లోకి చేరింది. 2003లో అక్కడ ఆ మూలికలను నిషేధించారు. మూత్రవ్యవస్థ లోపలి పొర క్యాన్సర్లలో కిడ్నీ గిన్నెలోనూ (కిడ్నీలో మూత్రం వచ్చి చేరే చోటు) మూత్రనాళంలోనూ వచ్చేవి మామూలుగా నూటికి ఐదు నుంచి పది మాత్రమే, మిగిలినవన్నీ మూత్రాశయంలోవి. పైగా మూత్రాశయ క్యాన్సర్ మగవారిలోనే ఎక్కువ. తైవాన్ కిడ్నీ గ్రహీతల్లో ఈ రెండూ తిరగబడ్డాయి: పై భాగపు క్యాన్సర్లు చాలా ఎక్కువ, అవీ ఆడవారిలో ఎక్కువ.

ఈ ఆమ్లం చేసే పని ఎంత నిర్దిష్టమంటే, దాని వేలిముద్ర డీఎన్ఏలో మిగిలిపోతుంది. ఒంట్లో మార్పు చెందాక అది డీఎన్ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన అడినిన్‌కు అతుక్కుంటుంది. కణం విభజన చెందేటప్పుడు ఆ అడినిన్ చోట థైమిన్ అనే మరో అక్షరం వచ్చి చేరుతుంది. చెడిన కణాన్ని ఆపే పీ53 జన్యువులో ఇలాంటి మార్పు వస్తే కాపలా పోయినట్టే. కణితిని పరీక్షిస్తే ఈ గుర్తు ఏళ్ల తర్వాత కూడా దొరుకుతుంది. బాల్కన్ గుట్టు విప్పడంలో ఈ గుర్తే పెద్ద సాక్ష్యం అయింది.

అరిస్టోలోకియా ఒక్కటే కాదు. ఒకప్పుడు నొప్పి మాత్రల్లో విరివిగా వాడిన ఫినాసెటిన్ కూడా కిడ్నీలను చెడగొట్టి, లోపలి పొరలో క్యాన్సర్ తెచ్చింది. దాన్ని మార్కెట్ నుంచి తొలగించారు. నిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ వంటి జబ్బులకు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ ప్రాణాలు కాపాడే మందే. అయితే అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే అక్రోలీన్ మూత్రాశయం గోడను కాలుస్తుంది. ఎక్కువ మోతాదులో వాడినవారికి చాలా ఏళ్ల తర్వాత మూత్రాశయ క్యాన్సర్ రావచ్చు. లూపస్‌తో కిడ్నీలు పోయి మార్పిడి చేయించుకున్న వ్యక్తి ఈ మందు ఎప్పుడో పదిహేనేళ్ల కింద వాడి ఉండవచ్చు, కొత్త ఆసుపత్రి రికార్డుల్లో దాని ప్రస్తావనే ఉండకపోవచ్చు. పాత చీటీలు పారేయకండి. పొగతాగడం గురించి వేరే చెప్పాలా? మూత్రాశయ క్యాన్సర్ కారణాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. పొగలోని విషాలు రక్తంలో చేరి, వడకట్టుకుని, మూత్రంతోపాటు గంటల తరబడి ఆ పొరను తాకుతూ ఉంటాయి.

ఇలాంటి నేపథ్యం ఉన్న పొర మీద నిరోధక శక్తిని అణిచే మందులు వచ్చి పడతాయి. విత్తనం ముందే ఉంది, కాపలా ఇప్పుడు తగ్గింది. మందుల పాత్రను ఇలా చూస్తేనే అర్థమవుతుంది. వాటిలో సైక్లోస్పోరిన్ వంటివి కాపలా తగ్గించడంతో ఆగకుండా, కణితి కణాల చలనాన్ని నేరుగా ప్రోత్సహిస్తాయని ప్రయోగశాల పరిశోధనలు కూడా చూపాయి.

సూక్ష్మదర్శినిలో మోసగాడు

ఈ కథలో ఒక వైరస్ కూడా ఉంది. 1971లో ఒక కిడ్నీ గ్రహీత మూత్రంలో దాన్ని కనుగొని, అతని పేరులోని అక్షరాలతో బీకే అని పేరు పెట్టారు. పెద్దవాళ్లలో అత్యధికుల ఒంట్లో, కిడ్నీల్లో ఇది చడీచప్పుడు లేకుండా ఉంటుంది. మార్పిడి మందులు మొదలయ్యాక నిద్ర లేస్తుంది. మామూలుగా తాను పెరిగిన కణాన్ని చంపి బయటికి వస్తుంది కాబట్టి అక్కడ క్యాన్సర్ ప్రశ్నే లేదు. ఎప్పుడైనా దాని జన్యుపదార్థం మన కణం డీఎన్ఏలో ఇరుక్కుపోతే, అది పూర్తి వైరస్‌గా బయటికి రాలేదు, కణమూ చావదు. అది తయారుచేసే ఒక ప్రొటీన్ మాత్రం పీ53 జన్యువు తయారుచేసే కాపలా ప్రొటీన్‌ను పట్టి బంధిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ఈ వైరస్‌ను క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది అనే వర్గంలో చేర్చింది. ఖాయంగా కారకం అనలేదు.

వ్యాధి నిర్ధారణలో ఈ వైరస్ ఇంకో చిక్కు తెస్తుంది. మూత్రంలో రాలిన కణాలకు రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, బీకే సోకిన కణం అచ్చం క్యాన్సర్ కణంలా ఉంటుంది. కేంద్రకం ఉబ్బి కణాన్నంతా ఆక్రమిస్తుంది, రంగు చిక్కగా పడుతుంది. జాగ్రత్తగా చూస్తే కేంద్రకం లోపల మసక అద్దం లాంటి నునుపు కనిపిస్తుంది, అంచులు గుండ్రంగా ఉంటాయి. క్యాన్సర్ కణం అంచులు ఎగుడుదిగుడుగా, లోపలి పదార్థం ముతకగా ఉంటుంది. ఆ వైరస్ కణానికి ప్రయోగశాలల్లో డెకాయ్ కణం అని పేరు, అంటే ఎర చూపి మోసం చేసేది. లేని క్యాన్సర్‌ను ఉందనుకోవడం ఎంత ప్రమాదమో, వైరస్ ఉంది కదా అని ఉన్న క్యాన్సర్‌ను కొట్టిపారేయడమూ అంతే ప్రమాదం.

ఇదే పొరపాటు లక్షణాల దగ్గరా జరుగుతుంది. మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడటం లోపలి పొర క్యాన్సర్‌కు ముఖ్యమైన గుర్తు. గ్రహీతలకు మూత్ర ఇన్ఫెక్షన్లు తరచూ వస్తాయి, కాబట్టి రక్తం కనిపించగానే యాంటీబయాటిక్ రాస్తారు. రక్తం ఆగుతుంది. నిజానికి ఈ క్యాన్సర్‌లో రక్తం వచ్చి పోవడం సహజం, మందు వల్లే ఆగిందని అనుకోకూడదు. కల్చర్ పరీక్షలో సూక్ష్మక్రిములు లేకపోయినా, ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ రక్తం పడినా సిస్టోస్కోపీతో మూత్రాశయం లోపల కంటితో చూసి తీరాలి. ఇందులో వాయిదాకు నేను ఏ సమర్థనా ఒప్పుకోను. పాత మూత్రనాళంలో పుట్టినది ఇంకా తెలివిగా దాక్కుంటుంది. పాత కిడ్నీ మూత్రం తయారుచేయదు కాబట్టి రక్తం కిందికి కొట్టుకురాకపోవచ్చు. పనిచేయని పాత కిడ్నీ ఉన్నట్టుండి ఉబ్బినట్టు స్కాన్‌లో కనిపిస్తే, దాని నాళంలో ఏదో అడ్డుపడిందని అర్థం. ఎలాగూ పనికిరానిదే కదా అని దాన్ని వదిలేయకూడదు.

చికిత్సలో చిక్కు

మూత్రాశయంలో పైపొరకే పరిమితమైన కణితిని లోపలి నుంచే గీకి తీస్తారు. మళ్లీ రాకుండా బీసీజీ మందును మూత్రాశయంలోకి పంపడం 1976 నుంచి తెలిసిన పద్ధతి. క్షయకు టీకాగా ఇచ్చే బీసీజీయే ఇది, బలహీనపరిచిన సజీవ బ్యాక్టీరియా. అది అక్కడి నిరోధక కణాలను రెచ్చగొట్టి క్యాన్సర్ మీదికి పంపుతుంది. గ్రహీతకు మనం చేస్తున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. రెచ్చగొట్టాల్సిన కణాలను రోజూ మందులతో నిద్రపుచ్చుతున్నాం. అందువల్ల ఫలితం తగ్గవచ్చు, ఆ బ్యాక్టీరియాయే ఒంట్లో వ్యాపించే భయమూ ఉంది. అలాగని పూర్తిగా నిషిద్ధం కాదు, జాగ్రత్తగా వాడి మంచి ఫలితం పొందినవారున్నారు. మైటోమైసిన్, జెమ్‌సైటబిన్ వంటి కీమో మందులు మూత్రాశయంలోకి పంపడం మరో మార్గం.

క్యాన్సర్ కండరంలోకి దిగితే మూత్రాశయాన్ని తీసేయాలి. కొత్త కిడ్నీ నాళం కుట్టింది ఆ మూత్రాశయానికే. దాన్ని విడదీసి, పేగు ముక్కతో చేసిన కొత్త దారికి కలపాలి. పొత్తికడుపులో పక్కనే ఉన్న కిడ్నీకి, దాని రక్తనాళాలకు దెబ్బ తగలకుండా ఇదంతా చేయాలి. రేడియేషన్ ఇద్దామంటే కిడ్నీ ఆ దారిలోనే ఉంది. ఈ క్యాన్సర్‌కు బాగా పనిచేసే కీమో మందు సిస్‌ప్లాటిన్ కిడ్నీకి విషం.

అన్నిటికన్నా కఠినమైన నిర్ణయం ఇమ్యునోథెరపీ, అంటే నిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స, దగ్గర ఎదురవుతుంది. పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు టీ కణాలనే నిరోధక కణాలకు ఉన్న బ్రేకులు తీసేస్తాయి. బ్రేకులు పోయిన ఆ కణాలు కణితిని గుర్తుపట్టినట్టే దాత కిడ్నీనీ పరాయిదని గుర్తుపడతాయి. ఇప్పటివరకు సేకరించిన కేసుల్లో దాదాపు నూటికి 40 మందిలో కిడ్నీని శరీరం తిరస్కరించింది. క్యాన్సర్ వ్యాపించిన మనిషికి ఈ మందు వాడాలా వద్దా అన్నది డాక్టరు ఒక్కరే తేల్చగలిగేది కాదు. మళ్లీ డయాలసిస్‌కు వెళ్లడానికి సిద్ధపడి బతికే అవకాశం తీసుకోవాలా, ఉన్న కిడ్నీని కాపాడుకుంటూ వేరే దారి చూడాలా? ఆ కిడ్నీ తల్లో, భార్యో, తమ్ముడో ఇచ్చినదైతే ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. నెఫ్రాలజిస్టు, క్యాన్సర్ వైద్యుడు ఒకే గదిలో రోగితో, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన విషయమిది. ఇద్దరు డాక్టర్లు రెండు వేర్వేరు చీటీలు రాసి చేతిలో పెట్టడం న్యాయం కాదు.

క్యాన్సర్ తేలాక మార్పిడి మందులను తగ్గించడం, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ రకం నుంచి నిరోధక శక్తిని మరో తీరులో అణిచే సిరోలిమస్, ఎవరోలిమస్ రకానికి మార్చడం మామూలుగా ఆలోచించే పని. ఎవరోలిమస్‌ను ముదిరిన కిడ్నీ క్యాన్సర్ చికిత్సలోనూ వాడుతారు. సిరోలిమస్ చర్మ క్యాన్సర్లు తిరిగి రావడాన్ని తగ్గిస్తుందని గట్టి రుజువులున్నాయి. అయితే అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో సిరోలిమస్ వాడినవారిలో క్యాన్సర్లు తగ్గినా మొత్తం మరణాలు పెరిగాయి. అందుకే అందరికీ ముందే ఇవే ఇచ్చేద్దామనే వాదన నిలబడలేదు.

కొత్త కిడ్నీలోనే కణితి వస్తే దాన్ని కాపాడుకుంటూ కణితి వరకే కోసి తీయడానికో, వేడితోనో చలితోనో మాడ్చడానికో ప్రయత్నిస్తారు. అరుదుగా ఆ క్యాన్సర్ దాత నుంచే వచ్చి ఉంటుంది. అప్పుడు ఇంకో అవకాశం ఉంది: ఆ కణాలు గ్రహీతవి కావు కాబట్టి, కిడ్నీని తీసేసి మందులు ఆపితే శరీరం ఆ క్యాన్సర్‌ను కూడా పరాయిదిగా తిరస్కరించవచ్చు. ఇలా జరిగిన సందర్భాలు 1960ల నుంచే నమోదయ్యాయి.

ఒకసారి క్యాన్సర్ వచ్చినవారికి ఇక మార్పిడి యోగం లేదన్న నమ్మకం కూడా చాలామందిలో ఉంది. చికిత్స తర్వాత రెండు నుంచి ఐదేళ్లు ఆగమనడం ఒకప్పటి పద్ధతి. ఇప్పటి మార్గదర్శకాలు క్యాన్సర్ దశను బట్టి నడుస్తాయి. 3 సెంటీమీటర్ల లోపు ఉండి, అనుకోకుండా దొరికిన కిడ్నీ కణితిని తీసేశాక, మూత్రాశయంలో పైపొర దాటని తక్కువ ప్రమాదపు కణితికి చికిత్స అయ్యాక, ఆగాల్సిన పని లేదంటున్నాయి. కండరంలోకి దిగిన మూత్రాశయ క్యాన్సర్ అయితే కనీసం రెండేళ్లు చూస్తారు. క్యాన్సర్ చికిత్సలో దాత కిడ్నీని పోగొట్టుకుని డయాలసిస్‌కు తిరిగి వెళ్లినవారికి కూడా ఈ లెక్కే వర్తిస్తుంది, మళ్లీ నిరీక్షణ జాబితాలో పేరు రాయించుకోవచ్చు.